50 కిలోమీటర్ల లోపు

నా వయసు 31. విశాఖపట్నంలో గాజువాక దాటాక వడ్లపూడిలో ఉంటాం. 2012లో కంచరపాలెం ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా పూర్తిచేశాను. అదే ఏడాది ఒక పెద్ద కర్మాగారంలో కాంట్రాక్టు ఫిట్టరుగా చేరాను. కర్మాగారం పేరు చెప్పను, ఇంకా అక్కడే అన్నం తింటున్నాను. గేర్ బాక్సులు విప్పడం, బేరింగులు మార్చడం, పంపునూ మోటారునూ ఒక వరుసలోకి తేవడం నా పని. డిప్లొమా అయిన వెంటనే ఈసెట్ రాసి ఉంటే నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో సీటు వచ్చేది. నాతో చదివినవాళ్లలో నలుగురైదుగురు అలాగే వెళ్లారు. ఆ వేసవిలోనే మా నాన్న మంచం పట్టాడు, నేను గేటు పాసు పట్టాను. ఆ సంగతిని ఇంతకంటే సాగదీయను.

2024లో టీ తాగుతుండగా మా షిఫ్టులోని ఒక ఎలక్ట్రీషియన్ ఫోనులో ఒక ప్రకటన చూపించాడు. ఉద్యోగం చేసుకుంటున్న డిప్లొమావాళ్లకు సాయంత్రం పూట బీటెక్ చెబుతామని నగరంలోని ఒక విశ్వవిద్యాలయం వేసింది. మూడేళ్ల కోర్సు, డిగ్రీ కూడా మామూలు డిగ్రీయే. ఇలాంటి కోర్సులకు, దేశంలో సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ అంతకు ముందు ఏడాదే అనుమతి ఇచ్చిందని తరువాత తెలిసింది. షరతులు రెండే రెండు అర్థమయ్యాయి: కనీసం ఏడాది పని అనుభవం ఉండాలి, పనిచేసే చోటు కాలేజీకి 50 కిలోమీటర్ల లోపు ఉండాలి.

12 ఏళ్ల అనుభవం, 20 పైచిలుకు కిలోమీటర్ల దూరం. ఈ రెండు లెక్కలూ చూసుకుని సీటు వచ్చినట్టే అనుకున్నాను.

ఇంట్లో చెబితే మా ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. బియ్యం ఏరుతూ, "ఆ చీటీ అమ్మాయి కోసం వేసింది కదండీ" అంది. అమ్మాయి అప్పుడు ఐదో తరగతి. మొదటి ఏడాది ఫీజుకు చీటీ పాడుకోక తప్పదని తనకూ తెలుసు, నాకూ తెలుసు. మరుసటి రోజు పొద్దున టిఫిను డబ్బా చేతికిస్తూ, "పాడండి, కానీ ఎక్కువ తగ్గించి పాడకండి" అంది. అనుమతి అంటే అదే. నేను ఎక్కువే తగ్గించి పాడాల్సి వచ్చింది. ఆ నెల ఇంకొకాయన కూడా పట్టుగా ఉన్నాడు.

ఇక కాగితాల సంగతి. ఆధార్, పదో తరగతి మార్కుల జాబితా, డిప్లొమా సర్టిఫికెట్, కుల ధ్రువీకరణ, స్టడీ సర్టిఫికెట్లు, అనుభవ పత్రం, యాజమాన్యం నుంచి అభ్యంతరం లేదనే లేఖ. జాబితా చూడటానికి మామూలుగానే ఉంది. నా పేరులో రెండు మాటలున్నాయి. పదో తరగతి సర్టిఫికెట్‌లో అవి కలిసి ఉంటాయి, ఆధార్‌లో వాటి మధ్య ఒక ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ పూడ్చడానికి రెండు సెలవులు, ఒక నోటరీ ఖర్చయ్యాయి.

స్టడీ సర్టిఫికెట్ కోసం నేను చదివిన బడికి వెళ్లాను. నా కాలం నాటి రిజిస్టరు 2014 అక్టోబరు 12న తడిసింది. హుద్‌హుద్ తుపాను అంటే విశాఖలో ఎవరికీ తేదీ చెప్పనక్కరలేదు. ఆ రోజు బడి పైకప్పు రేకులు ఎగిరిపోయాయట. తరువాత ఎండబెట్టారు గానీ పుటలు ఒకదానికొకటి అతుక్కుని అట్టముక్కలా బిగుసుకుపోయాయి. అటెండరు ఒక ఇనుప స్కేలు తెచ్చి, దాని అంచును రెండు పుటల మధ్య పెట్టి, దోసె తిప్పినట్టు మెల్లగా జరుపుతూ విడదీశాడు. ఒక్కో పుట విడిపోతుంటే సిరా అద్దంలో ప్రతిబింబంలా ఎదురు పుట మీద కనిపించింది. నా పేరు దొరికింది, అదీ తిరగబడి. అసలు పుట మీద అక్షరాలు సగం పోయాయి, ఎదురు పుట మీద అంటుకున్న నీడే చదవడానికి వీలుగా ఉంది. హెడ్‌మాస్టరు గారు దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చదివి సర్టిఫికెట్ రాసిచ్చారు. ఆయన చల్లగా ఉండాలి.

ఇంట్లో ట్రంకు పెట్టెలో ఇంకో కాగితం ఉంది. మా తాత ఆర్-కార్డు. ఉక్కు కర్మాగారానికి భూములిచ్చిన నిర్వాసితులకు ఇచ్చిన కార్డు అది. 1966లో "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అని ఊరేగింపుల్లో అరిచినవాళ్లలో తానూ ఉన్నానని తాత చెప్పేవాడు. 1971 జనవరిలో ఇందిరా గాంధీ శంకుస్థాపన చేసిన సంగతి కూడా నిన్న జరిగినట్టే చెప్పేవాడు. సర్టిఫికెట్ల ఫైలులో ఆ కార్డు నకలు కూడా పెట్టాను. ఎవరూ అడగలేదు. మేము ఇక్కడివాళ్లమని చెప్పడానికి ఇంట్లో అంతకంటే పాత సాక్ష్యం లేదు మరి.

అసలు చిక్కు అనుభవ పత్రం దగ్గర వచ్చింది. 12 ఏళ్లుగా నేను అదే గేటులోంచి వెళ్తున్నాను, అదే షెడ్డులో అదే గోడ మేకుకు చొక్కా తగిలిస్తున్నాను. కానీ నాకు జీతమిచ్చే కాంట్రాక్టరు టెండరు మారినప్పుడల్లా మారతాడు. అప్పటి కాంట్రాక్టరు వచ్చి 8 నెలలే అయింది. కాబట్టి ఆయన ఇవ్వగలిగిన అనుభవం 8 నెలలు. కావలసింది ఏడాది. పాత కాంట్రాక్టరుకు ఫోను చేశాను. "నాకు రావాల్సిన బిల్లులే ఇంకా రాలేదు, నీకు సర్టిఫికెట్ ఎక్కడి నుంచి తెచ్చేదయ్యా" అని పెట్టేశాడు. రెండోసారి ఎత్తలేదు.

పరిశీలన రోజున బల్ల అవతల కూర్చున్నాయన మంచివాడే, కాకపోతే ఫారం నింపాలి.

"మీరు ఎక్కడ పనిచేస్తున్నారు?"

చెప్పాను.

"ఎప్పటి నుంచి?"

"12 ఏళ్లుగా సార్."

"ఇందులో 8 నెలలని ఉంది."

"కాంట్రాక్టరు మారాడు సార్. పని మారలేదు."

"మరి మీ యజమాని ఎవరు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. నా వెనక వరుసలో కనీసం ఆరుగురికి ఇదే ఇబ్బంది. పరవాడ ఫార్మా కంపెనీల నుంచి వచ్చిన ఇద్దరు, నీటి సరఫరా విభాగంలో ఏజెన్సీ ద్వారా పనిచేసే ఒకావిడ, సబ్‌స్టేషన్‌లో షిఫ్టు ఆపరేటరు ఒకతను. పనిచేసేవాళ్ల కోసమని పెట్టిన కోర్సు. మేము పనిచేస్తున్నామని చూపించలేక వరుసలో నిలబడ్డాం. కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఎవరి మీద? ఫారం తయారుచేసినవాళ్ల మనసులో ఉద్యోగి అంటే గుర్తింపు కార్డు మెడలో వేసుకుని ఒకే కంపెనీలో ఉండేవాడు. విశాఖలో గేట్ల లోపల చెమటోడ్చేవాళ్లలో ఎంతోమంది అలా ఉండరు.

దారి చూపించింది ఆ నీటి సరఫరా ఆవిడే. "అన్నయ్యా, పీఎఫ్ కట్ అవుతుందా మీకు?" అని అడిగింది. అవుతుంది. యూఏఎన్ నంబరుతో పీఎఫ్ సైటులోకి వెళ్తే సర్వీసు చరిత్ర అని ఒక పుట వస్తుంది. అందులో ఏ సంస్థలో ఏ తేదీన చేరామో, ఏ తేదీన మానామో వరుసగా ఉంటుంది. కాంట్రాక్టర్లు మారినా నంబరు ఒకటే. మేమందరం జిరాక్స్ షాపు మీద పడ్డాం. నా పుటలో ఒక కాంట్రాక్టరు దగ్గర మానిన తేదీకీ ఇంకొకరి దగ్గర చేరిన తేదీకీ మధ్య ఒక్క రోజు తేడా. బల్ల అవతలాయన దాన్ని లోపలికి పట్టుకెళ్లి, అరగంట తరువాత వచ్చి, "తీసుకోమన్నారు" అన్నాడు. మా అందరివీ తీసుకున్నారు. అడగకుండా అయ్యే పని కాదు, అడిగితే కాని పనీ కాదు.

ఒక్కడికి మాత్రం కుదరలేదు. నా పాలిటెక్నిక్ మిత్రుడొకడు పాడేరులో ఉంటాడు, అక్కడే పని. అనుభవం ఉంది, కాగితాలన్నీ నాకంటే శుభ్రంగా ఉన్నాయి. పాడేరు విశాఖకు రోడ్డు మీద 100 కిలోమీటర్లకు పైనే. 2022 ఏప్రిల్ దాకా అదీ విశాఖపట్నం జిల్లాయే. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డాక అది జిల్లా కేంద్రమైంది. రోజూ సాయంత్రం ఘాట్ రోడ్డు దిగి రావడం ఎలాగూ అయ్యే పని కాదు, ఆ షరతు పెట్టినవాళ్లకు కారణం ఉంది. కానీ కాలేజీ చుట్టూ గీసిన వృత్తంలో అనకాపల్లి ఉంది, పరవాడ ఉంది, భీమిలి ఉంది, కొండల మీది మన్యం లేదు. వాడు నవ్వేసి ఊరుకున్నాడు. నాకు ఆ నవ్వు నచ్చలేదు.

ఇక అభ్యంతరం లేదనే లేఖ. కొత్త కాంట్రాక్టరు సూపర్‌వైజరు సంతకం పెట్టడానికి ముందు నాతో ఒక తెల్ల కాగితం మీద రాయించుకున్నాడు, చదువు వల్ల షిఫ్టుకు ఆటంకం రానివ్వనని. రాసిచ్చాను. రాసేటప్పుడు లెక్క వేసుకోలేదు.

మా షిఫ్టులు మూడు. ఏ షిఫ్టు పొద్దున 6 నుంచి 2, బి షిఫ్టు మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10, సి షిఫ్టు రాత్రి 10 నుంచి తెల్లవారి 6. వారానికొకసారి మారుతుంది. క్లాసులు సాయంత్రం 6 నుంచి 9. ఏ షిఫ్టు వారం హాయి. సి షిఫ్టు వారం క్లాసు వదిలిన వెంటనే బండి తీస్తే ఎన్ఏడీ కూడలి, షీలానగర్ దాటి గేటు దగ్గరికి 10కి ఐదు నిమిషాల ముందు చేరతాను, లారీలు కనికరిస్తే. బి షిఫ్టు వారం మాత్రం ఏ దేవుడూ ఏమీ చేయలేడు. 3 వారాల్లో 2 వారాలు హాజరైతే 66 శాతం. పరీక్షకు కూర్చోవాలంటే 75 శాతం ఉండాలి.

మొదటి సెమిస్టరులో షిఫ్టు మార్పిడులతో నెట్టుకొచ్చాను. నా బి షిఫ్టు ఒకరు చేస్తే, వాళ్ల సి షిఫ్టు నేను చేయాలి. ఒక వారంలో అలా నాలుగు రాత్రులు వరుసగా చేశాక, క్లాసులో నోటుపుస్తకం మీద తల పెట్టి నిద్రపోయాను. మేడమ్ లేపలేదు. నాకంటే మూడు నాలుగేళ్లు చిన్నదై ఉంటుంది ఆవిడ. క్లాసు అయ్యాక, "మీకు రాత్రి డ్యూటీయా సార్?" అని అడిగింది. ఆవిడ నన్ను సార్ అంటుంది, నేను ఆవిడను మేడమ్ అంటాను, మొదట్లో ఇద్దరికీ ఇబ్బందిగానే ఉండేది. నేను జేబులోంచి షిఫ్టు చార్టు తీసి చూపించాను. ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది. షిఫ్టు వారం వారం మారుతుందని అప్పటిదాకా ఆవిడకు తెలియదట. మరుసటి వారం మా అందరి చార్టులూ అడిగి తీసుకుని కోఆర్డినేటరు దగ్గరికి వెళ్లింది. రెండో సెమిస్టరు నుంచి బి షిఫ్టు వాళ్లకు తప్పిన పాఠాలు ఆదివారం పొద్దున మళ్లీ చెప్పడం మొదలుపెట్టారు. ఆ హాజరు లెక్కలోకి వస్తుంది. కోర్సు మా కోసం తెరిచారని ప్రకటనలో చదివాను. ఆ ఆదివారాలు వచ్చాకే నమ్మాను.

పాఠాల దగ్గర నన్ను ఎక్కువ ఏడిపించింది గణితం. మేము నేరుగా రెండో సంవత్సరంలో చేరాం కాబట్టి మొదటి సంవత్సరం గణితం దాటేసినట్టే లెక్క. దాటిన గొయ్యి వెనక ఉండదు, ముందుకొస్తుంది. సమాకలనం చేసి 12 ఏళ్లయింది. లాప్లాస్ పరివర్తనం బోర్డు మీద చూసిన రోజు, మా మిస్త్రీ మాట గుర్తొచ్చింది: తెలియని మిషను దగ్గర చేతులు జేబులో పెట్టుకో. మా అక్క కొడుకు ఇంటర్ ఎంపీసీ. రాత్రి పూట వాడి దగ్గర కూర్చుని నేర్చుకుంటున్నాను. వాడి ఫీజు వారానికి రెండు పరోటాలు. "మామయ్యా, మళ్లీ గుర్తు మర్చిపోయావు" అని వాడు అన్నప్పుడల్లా మా అమ్మాయి పక్క గదిలోంచి నవ్వుతుంది.

భాష సంగతి కూడా చెప్పాలి. పదో తరగతి దాకా నాది తెలుగు మాధ్యమం. తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల్లో ఇంజనీరింగ్ చెప్పుకోవచ్చని 2021లో ఏఐసీటీఈ అనుమతించింది. తెలుగులోకి అనువదించిన పాఠ్యపుస్తకాలు ఈ-కుంభ్ అనే వాళ్ల సైటులో ఉచితంగా దొరుకుతాయి. మా కోర్సు ఇంగ్లిషులోనే, అయినా నేను అవి దించుకుని చదువుతాను. వివరణ తెలుగులో ఉంటే నెత్తికెక్కుతుంది. పదాలు మాత్రం నాకు ఇంగ్లిషువే కావాలి. షెడ్డులో ఎవరైనా 'కప్లింగ్' అంటారు గానీ దానికి తెలుగు మాట వెతికి అడిగితే స్టోరు కీపరు కంగారుపడతాడు. రెంటికీ మధ్య ఎక్కడో ఒక పుస్తకం ఉండాలి. మా మేడమ్ బోర్డు మీద ఇంగ్లిషులో రాసి నోటితో తెలుగులో చెప్పేది సరిగ్గా ఆ పుస్తకమే.

ఒక సాయంత్రం గురించి మాత్రం వివరంగా రాస్తాను. బిగుతుగా కూర్చునే బేరింగును షాఫ్టు మీదికి ఎక్కించాలంటే దాన్ని ముందు వేడిచేయాలి. ఇప్పుడు ఇండక్షన్ హీటర్లు వచ్చాయి. నేను చేరిన కొత్తలో నూనె తొట్టిలో వేసి కాచేవాళ్లం. మా మిస్త్రీ దగ్గర థర్మామీటరు ఉండేది కాదు. బేరింగును కొక్కేనికి తగిలించి పైకెత్తి, వేలికొసతో అంచు మీద ఒక నీటి చుక్క వేసేవాడు. చుక్క చుయ్‌మని ఎగిరితే సిద్ధమైనట్టు. మరీ కాలనివ్వకూడదు, లోహం గుణం పోతుంది అనేవాడు. తరువాత రెండు చేతులకూ గోనెగుడ్డ చుట్టుకుని ఒక్క ఊపున షాఫ్టు మీదికి నెట్టాలి. ఆగితే అక్కడే పట్టేస్తుంది. ఎందుకు ఎక్కుతుందంటే, వేడికి పెద్దదవుతుంది కాబట్టి. అది అందరికీ తెలుసు. ఎంత పెద్దదవుతుందని నేను 12 ఏళ్లలో ఒక్కసారీ అడగలేదు.

ఆ రోజు క్లాసులో ఉష్ణ వ్యాకోచం మీద ఒక చిన్న లెక్క వచ్చింది. సూత్రం డిప్లొమాలో చదివిందే, దానికి మార్కులు కూడా వచ్చాయి. మీటరు పొడవు ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే మిల్లీమీటరులో వెయ్యికి 12 వంతులు పెరుగుతుంది. పెన్ను పట్టుకున్నవాడిని అలాగే ఆగిపోయాను. మా కన్వేయర్ షాఫ్టు వ్యాసం 100 మిల్లీమీటర్లు. నూనె 30 డిగ్రీల నుంచి 110కి చేరితే 80 డిగ్రీల తేడా. నోటుపుస్తకం చివరి పుటలో గుణించాను: 0.096 మిల్లీమీటరు. సుమారుగా మిల్లీమీటరులో పదో వంతు. షాఫ్టు బేరింగు రంధ్రం కన్నా లావుగా ఉండేది వందకు మూడు నాలుగు వంతులు. అంటే వేడి మీద ఆ కాస్త బిగుతు పోయి, పైన ఇంకో ఐదారు వంతుల సందు మిగులుతుంది. ఆ సందులోంచే ఇన్నేళ్లూ నేను బేరింగులు నెడుతున్నాను. ఆగితే ఎందుకు పట్టేస్తుందో కూడా ఆ లెక్కలోనే ఉంది. చల్లటి షాఫ్టుకు తగిలి ఒక్కో డిగ్రీ తగ్గుతున్న కొద్దీ ఆ సందు మూసుకుపోతుంది. నీటి చుక్క చుయ్‌మనేది 100 డిగ్రీలు దాటాక. 120 దాటితే బేరింగు ఉక్కు గుణం, కొలత మారిపోవచ్చు. మిస్త్రీ వేలికొస ఆ 20 డిగ్రీల మధ్య నిలబడేది. ఆయన ఇప్పుడు లేడు. ఉంటే ఆ పుట తీసుకెళ్లి చూపించేవాణ్ణి. "ఇది లెక్కేసి చెప్పడానికి మూడేళ్లా?" అనేవాడేమో.

మరుసటి రోజు సి షిఫ్టులో ఒక కొత్త కుర్రాడు హీటరు మీద బేరింగు పెట్టి ఎంతసేపు ఉంచాలని అడిగాడు. వాడికి ఆ లెక్క సుద్దముక్కతో నేల మీద వేసి చూపించాను. సూపర్‌వైజరు వచ్చి, "అక్కడేం రాతలు?" అన్నాడు. తుడిచేశాం.

అలాగని అన్నీ ఇలా కలిసిరాలేదు. మెషిన్ టూల్స్ ల్యాబులో నాకు తక్కువ మార్కులు వచ్చాయంటే ఇంట్లో ఎవరూ నమ్మలేదు. లేత్ మీద ఇచ్చిన పని అందరికంటే ముందు ముగించాను, కొలత కూడా సరిపోయింది. రికార్డు మాత్రం రాయలేదు. ఎలా చేశామో వరుసగా రాయాలి, బొమ్మ వేయాలి, అంచులకు గీతలు కొట్టాలి. చేసినదాన్ని రాయడం ఏమిటని వదిలేశాను. పరవాడ కుర్రాడు టూలు విరగ్గొట్టాడు, కానీ రికార్డు పెళ్లి శుభలేఖలా తయారుచేశాడు. వాడికి నాకంటే ఎక్కువ. మొదట మండింది. తరువాత ఆలోచిస్తే, మా షెడ్డులో మిస్త్రీ పోయాక ఆయన పనితీరు ఎక్కడా రాసి లేదు కదా అనిపించింది. ఇప్పుడు రికార్డు రాస్తున్నాను. గీతలు మా అమ్మాయి కొడుతుంది.

మొదటి రోజు మేము 26 మందిమి. ఇప్పుడు 19. మానేసినవాళ్లలో ఎవరూ చదువు రాక మానలేదు. ఒకరికి బదిలీ, ఇద్దరికి ఫీజు, ఒకరికి తండ్రి ఆసుపత్రి, మిగతావాళ్లకు షిఫ్టు. నీటి సరఫరా ఆవిడ ఉంది. రోజూ మా అందరికంటే ముందు బెంచీలో కూర్చుంటుంది. రేపు డిగ్రీ వస్తే ఉద్యోగం మారుతుందా అంటే, ఎవరూ హామీ ఇవ్వలేదు. కాంట్రాక్టరు మళ్లీ మారాడు, గేటు పాసు రంగు మాత్రం అదే.

గణితం రెండుసార్లు తప్పాను. సప్లిమెంటరీ పరీక్ష వచ్చే మంగళవారం మధ్యాహ్నం. లాప్లాస్ ఇప్పుడు ఫర్వాలేదు, శ్రేణులే ఇంకా కాళ్లకు అడ్డం పడుతున్నాయి. మా మేనల్లుడు ఈ వారం పరోటాలు మూడు అడుగుతున్నాడు. మంగళవారం నాకు బి షిఫ్టు. మార్చుకోవడానికి ఇంకా ఎవరూ ఒప్పుకోలేదు.